పరీక్షల్లో దొరకని నొప్పులు
(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటిపని చేసే ఆడవాళ్ళకు ఒళ్ళునొప్పులు కొత్త కాదు. పండుగ ముందు ఇల్లంతా దులిపితే నడుము పట్టేస్తుంది. రెండు రోజులు వేడినీళ్ళు పోసుకుంటే అదే పోతుంది. ఇవాళ నేను చెప్పబోయేది అలా పోయే నొప్పి గురించి కాదు.

మా నిజామాబాద్, బోధన్ వైపు కొందరు స్త్రీలు "పెయ్యంత గుంజుతుంది, పానం మంచిగ లేదు" అని నెలల తరబడి అంటూనే ఉంటారు. మెడ, భుజాలు, నడుము, తొడలు, ఇవాళ ఒకచోటైతే రేపు ఇంకోచోట. రాత్రంతా పడుకున్నా తెల్లవారి లేచేసరికి అసలు నిద్రే పోనట్టుంటుంది. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతారు. రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు తీయిస్తే అన్నీ బాగానే ఉన్నాయంటారు. దాంతో ఇంట్లోవాళ్ళకు ఆమె మాట మీద నమ్మకం పోతుంది. "ఏమీ లేదన్నారుగా, అంతా నీ భ్రమ" అంటారు. పని తప్పించుకోవడానికే అనేవాళ్ళూ ఉంటారు.

అది భ్రమ కాదు. ఆ జబ్బుకు ఫైబ్రోమయాల్జియా అని పేరు. 1904లో ఇంగ్లండులో గోవర్స్ అనే వైద్యుడు దీన్ని ఫైబ్రోసైటిస్ అన్నారు. కండరాల పీచుల్లో వాపు ఉందని అప్పటి ఊహ. తరవాత వెతికితే ఆ వాపు కనబడలేదు. అందుకే 1976 నుంచి పేరు మారింది. 1990లో అమెరికా కీళ్ళ వైద్యుల సంఘం ఒంటి మీద 18 చోట్లు గుర్తించి, నొక్కితే కనీసం 11 చోట్ల నొప్పి ఉండాలని చెప్పింది. 2010లో ఆ నియమం సడలించారు. ఒంట్లో చాలాచోట్ల నొప్పి, అలసట, తీరని నిద్ర మూడు నెలలకు మించి ఉండి, వాటికి వేరే జబ్బు కారణం కాకపోతే చాలు. నూటికి ఇద్దరు నుంచి నలుగురికి ఉంటుందని అంచనా. వారిలో స్త్రీలే ఎక్కువ.

మరి పరీక్షల్లో ఎందుకు దొరకదు? మీ ఇంట్లో రేడియో సౌండు ఎవరో పూర్తిగా పెంచేశారనుకోండి. పాట అదే, చెవికి మాత్రం హోరు. ఈ జబ్బులో నరాలు, మెదడు నొప్పి కబురును అలా పెంచి వినిపిస్తాయి. కండరంలో, ఎముకలో చెడిపోయింది ఏమీ ఉండదు, అయినా నొప్పి నిజం. ఇది కీళ్ళను వంకర చేయదు, ప్రాణం తీయదు. ఈ మాట తెలిస్తేనే సగం భయం తగ్గుతుంది.

అయితే ప్రతి నొప్పికీ ఈ పేరు పెట్టుకోకూడదు. థైరాయిడ్ లోపం, రక్తహీనత, విటమిన్ డి తక్కువ కావడం, కీళ్ళవాతం కూడా ఇలాగే బాధపెడతాయి. ముందు ఆ పరీక్షలు చేయించుకోవాలి. కీలు వాచినా, జ్వరం వస్తున్నా, బరువు తగ్గిపోతున్నా, కాలో చెయ్యో బలం తగ్గినా ఆలస్యం చేయవద్దు. నిజామాబాద్‌లో 2013లో వచ్చిన ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధంగా పెద్దాసుపత్రి ఉంది. అక్కడ తేలకపోతే హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ విభాగం, అంటే కీళ్ళవాత జబ్బుల విభాగం ఉంది.

ఇక చికిత్స సంగతి. యూరప్ వైద్యులు 2016లో అన్ని చికిత్సలనూ తూచి చూసి, గట్టిగా సిఫారసు చేసింది ఒక్కదాన్నే. అది వ్యాయామం. "లేవలేకపోతుంటే నడవమంటారేమిటి?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే కొంచెంతో మొదలుపెట్టాలి. మొదటి వారం రోజుకు పది నిమిషాలు చాలు. బోధన్‌లోనైతే శక్కర్‌నగర్ రోడ్డు మీద, నిజామాబాద్‌లోనైతే ఖిల్లా కింద రఘునాథ చెరువు గట్టు మీద నడవవచ్చు. కుదరకపోతే మీ డాబా మీదే నడవండి. వారానికి రెండు మూడు నిమిషాలు పెంచుతూ అరగంటకు చేరండి. మొదట్లో నొప్పి కొంచెం పెరగవచ్చు, దానికి బెదిరి మానేయకండి. తేలికపాటి యోగాసనాలూ మంచివే.

ఇంకో సంగతి. ఒళ్ళు తేలిగ్గా ఉన్న రోజునే మిరపకాయలు ఎండబెట్టి, దుప్పట్లన్నీ ఉతికి, అల్మారాలు సర్దేస్తాం. ఆ తరవాత మూడు రోజులు మంచమే. అలా కాకుండా పనిని నాలుగు రోజులకు పంచుకోవాలి. చేట ఒళ్ళో పెట్టుకుని తల వంచి బీడీలు చుట్టే అక్కలు అరగంటకోసారి లేచి భుజాలు తిప్పుకోవాలి. రాత్రి ఒకే వేళకు పడుకోవాలి, సాయంత్రం దాటాక టీ మానాలి.

మందులు ఉన్నాయి. రాత్రిపూట కొద్ది మోతాదులో అమిట్రిప్టిలిన్ ఇస్తారు. డులోక్సెటిన్, ప్రెగాబాలిన్ కూడా వాడతారు. వీటిలో కొన్ని దిగులుకు కూడా ఇచ్చే మందులు కనుక "నాకు పిచ్చి అనుకుంటున్నారా" అని కొందరు చీటీ చించేస్తారు. అలా అనుకోవద్దు. నరాల సౌండు తగ్గించడానికే అవి. నోరు ఎండటం, మత్తు, కళ్ళు తిరగడం వంటివి ఉంటే డాక్టరుకు చెప్పాలి గానీ హఠాత్తుగా ఆపకూడదు. మందు అందరికీ పనిచేయదు, పనిచేసినా నొప్పి పూర్తిగా పోదు. నడక, నిద్ర తోడైతేనే దాని ఫలితం.

ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. వీధి చివర సూది వేయించుకుంటే రెండు రోజులు హాయిగా ఉంటుందని నెలనెలా వెళ్ళేవాళ్ళున్నారు. అందులో స్టెరాయిడ్ ఉంటే ఎముకలు గుల్లబారతాయి, షుగర్ పెరుగుతుంది. నొప్పి బిళ్ళలు రోజూ మింగితే కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు ముప్పు. ఈ జబ్బుకు ఆ రెండింటి వల్లా నిలిచే మేలు లేదు. పొట్లాల్లో కట్టి ఇచ్చే పేరులేని పొడులూ వద్దు.

మనసుకీ నొప్పికీ లంకె ఉంది. 2015 డిసెంబరులో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఎన్ని ఇళ్ళలో జీతం ఆగిందో మీకు తెలుసు. ఫీజులు, అప్పులు, దూరదేశం వెళ్ళిన భర్త ఫోను కోసం ఎదురుచూపు, వీటితో నిద్ర పోతుంది. నిద్ర పోతే నొప్పి పెరుగుతుంది. అంటే నొప్పి కల్పితమని కాదు. భారం దించుకునే మాట ఒకటి ఉంటే నొప్పి దిగుతుందని. అందుకే నిపుణులతో కూర్చుని మాట్లాడి ఆలోచనల తీరును మార్చుకునే చికిత్స కూడా ఇందులో భాగమే.

చివరగా ఇంట్లోవారికి నా మనవి. ఆమె "నొప్పి" అంటే "ఎక్కడ?" అని అడగండి, "మళ్ళీనా?" అనకండి. నీళ్ళ బిందె మీరు ఎత్తండి, సాయంత్రం పది నిమిషాలు ఆమెతో కలిసి నడవండి. ఆ నడకలో ఖర్చు లేదు, చీటీ రాసే డాక్టరుకన్నా ముందు మీరు ఇవ్వగలిగిన మందు అదే.