ఛాంపియన్ డెన్నిసా, ఎవాన్సా, కాసిడీనా? హైదరాబాద్ రేసు లెక్క ఒకసారి తీద్దాం

నెల్లిమర్ల నుంచి మళ్లీ మీ ముందుకొచ్చాను. ఇవాళ్టి టాపిక్ కొంచెం గొడవ టాపిక్. నాకూ మా బావకీ నెల రోజులు మాటల్లేకుండా చేసిన టాపిక్. 2023 ఫార్ములా ఈ టైటిల్ ఎవరికి రావాల్సింది?

తెలియనివాళ్లకి ఒక్క ముక్కలో చెప్తా. ఫార్ములా ఈ అంటే కరెంటు కార్ల రేసు. 2023 ఫిబ్రవరి 11న మన హైదరాబాద్‌లో, హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగింది కదా, అదే. ఇండియాలో జరిగిన మొదటి ఫార్ములా ఈ రేసు అది.

ఆ సీజన్‌లో మొత్తం 16 రేసులు. చివరికి టేబుల్ చూడండి. జేక్ డెన్నిస్ 229 పాయింట్లు, ఛాంపియన్. నిక్ కాసిడీ 199. మిచ్ ఎవాన్స్ 197. ఇంతవరకూ ఓకే. ఇప్పుడు గెలిచిన రేసులు లెక్కపెట్టండి. కాసిడీ 4, ఎవాన్స్ 4, డెన్నిస్ 2. రెండంటే రెండే!

ఇక చూడండి, మొయిద జంక్షన్‌లో టీ కొట్టు దగ్గర రచ్చ. "ఏటిరా ఇది? నాలుగు గెలిసినోలు వెనకా, రెండు గెలిసినోడు సాంపియనా?" అని ఒకడు. నేను ఎవాన్స్ ఫ్యాన్, మా బావ కాసిడీ ఫ్యాన్. మా గ్రూపులో డెన్నిస్ ఫ్యాన్ ఒక్కడూ లేడు. అంటే టైటిల్ ఎవడు కొట్టాడో వాడి తరఫున మాట్లాడే మనిషే లేడన్నమాట. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా.

నా వాదన ఏంటంటే హైదరాబాద్. ఆ రోజు పోల్ ఎవాన్స్‌దే. ముందు వరుసలో పోతున్నాడు. ఇంతలో ఏమైంది? హెయిర్‌పిన్ మలుపు దగ్గర వెనకనుంచి ఒక కారొచ్చి గుద్దింది. ఎవరిదో కాదు, సొంత టీమ్ వాడిదే! సామ్ బర్డ్. రెండు జాగ్వార్లూ అవుట్. వెర్న్ గెలిచాడు, కాసిడీ సెకండ్. మావాడికి పోల్ కొట్టినందుకు వచ్చే 3 పాయింట్లు తప్ప ఇంకేం లేవు. మన ఊళ్లో, మన జనం ముందు, సొంత మనిషే ముంచేశాడు. నేను అదే పట్టుకుని కూర్చున్నా. ఎవడు అడిగినా "హైదరాబాద్‌లో బర్డ్ గుద్దకపోతే టైటిల్ మాదే" అనేవాణ్ని.

ఒకరోజు బావ ఫోన్‌లో కాలిక్యులేటర్ తీశాడు. "సరే, హైదరాబాద్ నీదే అనుకో. గెలుపుకి 25. 197కి 25 కలుపు. ఎంతొచ్చింది?" 222. డెన్నిస్‌కి 229. ఇంకా 7 తక్కువే! నోట మాట రాలేదు.

అక్కడితో వదిలాడా? "మరి రోమ్ సంగతేటి? మీవోడే కదరా మావోడి మీదకెక్కీసినాడు?" అన్నాడు. నిజమే. జూలై 16, రోమ్‌లో రెండో రేసు. మొదట్లోనే ఎవాన్స్ బ్రేకింగ్ తప్పి కాసిడీ కారు మీదకి ఎక్కేశాడు. ఎవాన్స్ అవుట్, కాసిడీకి సున్నా, ఆ రేసు డెన్నిస్ గెలిచాడు. రోమ్ అయ్యాక డెన్నిస్ 195, కాసిడీ 171, ఎవాన్స్ 151. జూలై 29న లండన్‌లో కాసిడీ తన టీమ్‌మేట్ బ్యూమీ కారుకే తగిలి అవుటయ్యాడు. డెన్నిస్ సెకండ్ వచ్చి, ఇంకో రేసు ఉండగానే టైటిల్ పట్టుకుపోయాడు. మా ఇద్దరికీ గొడవైంది ఆ రాత్రే.

ఇప్పుడు అసలు పాయింట్‌కి వస్తా. నేను వేసిన లెక్కే కాదు, బావ వేసిన లెక్క కూడా తప్పే. ఎందుకో చెప్పడానికి మన పక్క ఊరు కొండవెలగాడ పోదాం.

కొండవెలగాడ అంటే వెయిట్ లిఫ్టర్ల ఊరు, మీకు తెలిసిందే. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ గేమ్స్‌లో 53 కేజీల విభాగంలో మూడో స్థానం. పోడియం మీద మెడలో వేసింది కాంస్యం. తర్వాత గోల్డ్ కొట్టిన నైజీరియా అమ్మాయి డోపింగ్ పరీక్షలో దొరికిపోయింది. ఆ పేరు తీసేశారు. సంతోషికి వెండి వచ్చింది. ఎవరూ గొడవ పెట్టలేదు. ఎందుకు? సంతోషి ఎత్తింది 188 కేజీలు. పక్కన ఇంకెవరు ఎత్తినా, ఎత్తకపోయినా ఆ బార్ మీద బరువు మారదు. ఒకరిని తీసేస్తే మిగతావాళ్లు ఒక మెట్టు పైకొస్తారు. అంతే.

రేసు అలా కాదు. అందరూ ఒకే రోడ్డు మీద ఉంటారు. ఒక గుద్దుడు తీసేస్తే వెనకాల వచ్చే ప్రతి మలుపూ మారిపోతుంది. హైదరాబాద్‌లో ఎవాన్స్‌కి 25 వచ్చుంటే, రోమ్‌కి వచ్చేసరికి అంత తొందర పడేవాడా? బ్రేక్ ఇంకో పది అడుగుల ముందు వేసేవాడా? డెన్నిస్ తనకంటే ముందున్నవాణ్ని చూసి ఇంకా గట్టిగా తోలేవాడా? ఎవడూ చెప్పలేడు. అందుకే "అది జరక్కపోతే" అనే లెక్క రేసుల్లో ఎప్పటికీ తేలదు.

మీకు డౌటుంటే 2021 అబుదాబి గుర్తు తెచ్చుకోండి. హామిల్టన్, వెర్స్టాపెన్ ఇద్దరికీ సమానంగా 369.5 పాయింట్లు. చివర్లో లతీఫీ కారు గోడకి కొట్టింది, సేఫ్టీ కార్ వచ్చింది. ఇద్దరి మధ్య ఉన్న ఐదు కార్లని మాత్రమే ముందుకి వదిలేసి, ఒక్క ల్యాప్ కోసం రేసు మళ్లీ పెట్టారు. కొత్త టైర్ల మీదున్న వెర్స్టాపెన్ దాటేశాడు. అది మనిషి చేసిన పొరపాటేనని తర్వాత ఎఫ్ఐఏ రిపోర్టే ఒప్పుకుంది. రేస్ డైరెక్టర్ మాసీని ఆ పనినుంచి తప్పించారు. కానీ రిజల్ట్ మాత్రం మార్చలేదు. నన్నడిగితే హామిల్టన్ ఫ్యాన్స్ బాధలో న్యాయం ఉంది. అక్కడ రూల్ నడిపినవాళ్లే తప్పు చేశారు. నా హైదరాబాద్ బాధ అలాంటిది కాదు. అక్కడ రూల్ ఏం మారలేదు. ఒక డ్రైవర్ తప్పు చేశాడు, అంతే. ఈ రెండూ ఒకటే అనుకోవడం నా పొరపాటు.

మరి డెన్నిస్ సంగతి? వాడి తరఫున మాట్లాడేవాడు లేడన్నాను కదా, ఇవాళ నేనే మాట్లాడతా. 16 రేసుల్లో 11 సార్లు పోడియం ఎక్కాడు. హైదరాబాద్‌లో వాడికి కూడా పాయింట్లు రాలేదు, తెలుసా? మావాడి సున్నా గుర్తుంది గాని, వాడి సున్నా నేనెప్పుడూ చూడలేదు. పాయింట్లు ఎలా ఇస్తారో సీజన్ మొదలవ్వకముందే అందరికీ తెలుసు. గెలుపులే లెక్కనుకున్నా ఎవాన్స్, కాసిడీ నాలుగు నాలుగుతో సమానం, మళ్లీ గొడవే. మూడు గెలిచిన వెర్లైన్ కూడా డెన్నిస్ కంటే పైనుండాలి. వాడు నాలుగోవాడు, 149 పాయింట్లు. అప్పుడేమంటారు?

కాబట్టి నా తీర్పు ఇది. టైటిల్ డెన్నిస్‌దే. న్యాయంగానే వాడిది. ఎవాన్స్ నాకిష్టం, ఇప్పుడూ ఇష్టమే. మావాడు చాలా స్పీడు. కానీ ఆ ఏడాది తక్కువ తప్పులు చేసింది డెన్నిస్.

మొన్న ఇదే మాట బావకి చెప్పాను. వాడు టీ తాగుతూ, "ఇప్పటికి తెలిసిందేట్రా? అయితే లండన్‌లో మావోడికి బ్యూమీ అడ్డు రాకపోతేనా..." అని మళ్లీ మొదలెట్టాడు. టీ డబ్బులు నేనే ఇచ్చేసి వచ్చాను.

మీ ఇంట్లో, మీ గ్యాంగ్‌లో కూడా ఇలాంటి బావ ఒకడుంటే ఈ వీడియో వాడికి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి, బాయ్.