పలికిన మాట ఎవరిది?

ఈ స్మారకోపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో ఆ బోధకుడు పుస్తకాలు రాయలేదు. పల్లెపల్లెకూ నడిచి మాట్లాడారు. అందుకే నోటి మాటకున్న బలం గురించి, అదీ బైబిలు చూపే తీరులో, నాలుగు మాటలు చెప్పుకోవడమే ఆయనకు తగిన స్మరణ అనుకున్నాను.

ఆదికాండము 27వ అధ్యాయం చూడండి. చూపు మందగించిన ఇస్సాకు ఏశావు అనుకొని యాకోబును దీవిస్తాడు. కాసేపటికి అసలు ఏశావు వేటమాంసం వండుకొని వస్తాడు. ముసలాయన గడగడ వణికిపోతాడు. మోసం బయటపడింది. అయినా ఇచ్చిన దీవెనను రద్దు చేయడు. పత్రం లేదు, సంతకం లేదు, ఉన్నదల్లా పలికిన మాట. ఏశావు గొంతెత్తి ఏడ్చినా అది వెనక్కి రాలేదు. పెదవి దాటాక అది ఇస్సాకు సొత్తు కాదు, విన్నవాడి సొత్తు. బైబిల్లో మాటకున్న బరువు నాకు అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది ఇక్కడే.

ఈ సంగతి మరిచిపోవడం వల్లే మన మధ్య ఒక బోధ చెల్లుబాటవుతోంది. ఇల్లు వచ్చేసిందని నోటితో ప్రకటించు, వీసా వచ్చేసిందని ప్రకటించు, జరిగి తీరుతుంది అంటారు. ఆధారంగా సామెతలు 18వ అధ్యాయం 21వ వచనం చూపిస్తారు. జీవమరణాలు నాలుక వశమని ఆ వచనం అంటున్న మాట నిజమే. అయితే ఆ అధ్యాయమంతా చదవండి. అందులో కొండెగాడు ఉన్నాడు, పూర్తిగా వినకుండానే జవాబిచ్చే తెలివితక్కువవాడు ఉన్నాడు, వ్యాజ్యంలో ముందుగా మాట్లాడి నెగ్గినట్టు కనిపించేవాడు ఉన్నాడు, ఒకసారి మనసు విరిగితే దారికి రాని సోదరుడు ఉన్నాడు. నా మాట నాకేం తెచ్చిపెడుతుందన్న లెక్క అక్కడ లేదు. ఎదుటి మనిషిని అది ఏం చేస్తుందన్న జాగ్రత్త ఉంది. జబ్బుతో మంచం పట్టిన మనిషి దగ్గరికి వెళ్ళి, నువ్వు విశ్వాసంతో పలకలేదు గనుకే తగ్గలేదు అనేవాళ్ళున్నారు. దేవుని పేరు చెప్పి చేసే క్రూరత్వం అది. ఈ విషయంలో నా కోపాన్ని దాచుకోను.

నాలుకను నిప్పుతో పోల్చిన యాకోబు పత్రిక 3వ అధ్యాయాన్ని మనం అందరికీ వినిపిస్తాం. అది మొదలయ్యేదే బోధకులు కావాలని ఎగబడేవాళ్ళకు చేసిన హెచ్చరికతో! అంటే మొదట వినవలసింది వేదిక ఎక్కే మేమే. దానికి ముందు అధ్యాయంలో, తిండీ బట్టా లేనివాళ్ళకు ఏమీ ఇవ్వకుండా చల్లని మాటలతో సాగనంపేవాళ్ళను యాకోబు నిలదీస్తాడు. చెయ్యి కదలని దీవెన ఆయన లెక్కలో దీవెనే కాదు.

చెయ్యీ నోరూ ఒక్కటిగా కదిలిన కాలం మన నేల మీదే ఉంది. 1876–78 కరవులో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకున్నారు. మేస్త్రీలుగా తన తెలుగు బోధకులనే పెట్టారు. వాళ్ళలో చాలామంది మాదిగ పల్లెల నుంచి వచ్చినవారు. పగలు పక్కనుండి పని చేయించినవాళ్ళే పని ఆగినప్పుడు కూలీల మధ్య కూర్చుని క్రీస్తు గురించి చెప్పారు. ఊరి పెద్దల నోట తిట్లు వినడానికి అలవాటుపడిన జనానికి, తమ ఇంటి మనిషే తమ యాసలో, దేవుడు నిన్ను ఎరుగును అని చెబితే ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి. ఆ మాట విన్నవాళ్ళు అప్పటికే ఆ మనిషి నడవడిని కాలువ గట్టు మీద రోజూ చూస్తున్నారు.

కరవు పని సాగినంతకాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశారు. గంజి కోసం వచ్చి చేరారన్న నింద ఆ జనం మీద పడకూడదన్నదే కారణం. సాయం ముగిశాక కూడా వాళ్ళు వచ్చారు. వారిలో అక్షరం వచ్చినవాళ్ళు చాలా తక్కువ. నమ్మకాన్ని నోటితో చెప్పారు, వాళ్ళను ఎరిగిన బోధకులు పూచీ పడ్డారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్ళలో నిలబడి, వంతులు మార్చుకుంటూ వాళ్ళకు బాప్తిస్మం ఇచ్చింది తెలుగు బోధకులే.