బీపీ ఉంది, బిడ్డ కావాలి

బీపీ ఉన్నవాళ్లు పిల్లల్ని కనొచ్చా? నిక్షేపంగా కనొచ్చు. కాకపోతే డాక్టర్ దగ్గరికి నెల తప్పాక కాదు, ముందే వెళ్లాలి.

మీరు వేసుకునే గోలీల షీటు తిప్పి పేరు చదవండి. టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనలాప్రిల్, రామిప్రిల్... ఇవి కడుపులో బిడ్డ కిడ్నీలను దెబ్బతీయగలవు. అలాగని మీ అంతట మీరే మానేయకండి, అదీ ముప్పే. లాబెటలాల్, నిఫెడిపిన్ లాంటివాటికి డాక్టరే మారుస్తారు. మన హనుమకొండలోనే ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉంది. పాత చీటీ, షీటు రెండూ పట్టుకెళ్లండి.

గర్భం నిలిచాక, 12 వారాల నుంచి చిన్న మోతాదు ఆస్పిరిన్ కూడా రాయొచ్చు. గుర్రపువాతానికి, అంటే గర్భిణులకు వచ్చే ఫిట్స్‌కు, దారితీసే జబ్బు ముప్పు దాంతో తగ్గుతుంది. ఉప్పు మాత్రం తగ్గించాలి. అత్తగారి ఆవకాయా? ఒక్క ముక్కతో సరిపెట్టుకోండి!

బీపీ 160/110కి చేరినా, తల పగిలేలా నొప్పి వచ్చినా, కళ్లు మసకబారినా తెల్లారేదాకా ఆగకండి.