ఉప్పుగాలికి ఓర్చు పెరటితోట

విశాఖలో పెరటితోట వేయఁబూనువారు మొదట విచారింపవలసినది మొక్కను గూర్చి కాదు, గాలిని గూర్చి. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను తీరము దాటినపుడు వీథి వీథినా మహావృక్షములు కూకటివేళ్ళతో కూలినవి గదా! కావున పెళుసుకొమ్మల తురాయిని ఇంటిగోడ చెంత నాటక, కడలివైపున ఉప్పుగాలికి వెఱవని గన్నేరును కంచెగా నిలిపి (పసిబిడ్డలున్న యింట అది విషమని మఱువరాదు), దాని చాటున మల్లెను, నిమ్మను, కరివేపను పెంచుట మేలు. ఎఱ్ఱని యిసుకనేల నీరు నిలుపదు గనుక, మూరెడు లోతు గోతిలో చివికిన పశువుల యెరువు కలిపి, తొలకరికి నేల తడిసిన పిదప సాయంవేళ నాటుఁడు. ఓడరేవు దాపున నివసించువారు ఒక యాకును వ్రేలితో రుద్ది చూచిన, నల్లని బొగ్గుధూళి యంటును. కావున వారము కొకమాఱు ఆకులను కడుగుఁడు.