పాత పెట్రోలు లారీ – కార్బొరేటరు చిక్కులు
(తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుని ప్రసంగ పాఠము)



ఏటేటా ఈ సభలో పరీక్షల ఫలితములను గూర్చియే మాటలాడుచుంటిని. ఈ మారు కార్బొరేటరును గూర్చి చెప్పుడని మీలో కొందరు కోరుట నాకు వింతగా తోచలేదు. మన పిల్లలు కొందరు సెలవులలో రాజురా, బల్లార్‌పూరు గారేజీలకు చేతిసాయమునకు పోవుచున్నారు. నేను మెకానిక్కును కాను; సామాన్యశాస్త్రము బోధించువాడను. అయినను పెట్రోలుతో పనిచేయు పిల్లవానికి శాస్త్రము కొంత తెలిసియుండుట వాని చేతులకును, ముఖమునకును క్షేమము.

సాస్తి గనులలో బొగ్గు మోయు పెద్ద టిప్పర్లకు కార్బొరేటరు లేదు. అవి డీజిలు బండ్లు. 1954లో జంషెడ్‌పూరున టాటా-మెర్సిడిస్-బెంజ్ డీజిలు లారీల తయారీ మొదలు కాకమునుపు మన దేశపు రోడ్లమీద డాడ్జి, ఫార్గో, బెడ్‌ఫర్డు మొదలగు పెట్రోలు లారీలు విరివిగా నుండెడివి. అట్టివి కొన్ని, వానితోపాటు పాత జీపులును, ఇప్పటికిని బాగుచేతకు వచ్చుచున్నవి.

పెట్రోలు ద్రవముగా నున్నంతవరకు ఇంజనుకు పనికిరాదు. అది తుంపరయై గాలిలో కలియవలెను. తూకమున ఒక పాలు పెట్రోలునకు సుమారు 14.7 పాళ్ల గాలి కావలయును. గాలి ఇరుకైన గొంతుగుండ పోవునపుడు దాని వేగము హెచ్చి, అచ్చట ఒత్తిడి తగ్గును. ఆ లోటు వలన ప్రక్క తొట్టిలోని పెట్రోలు జెట్టు అను సన్నని రంధ్రముగుండ పైకి వచ్చి చిమ్మును. తొట్టిలో నొక ఇత్తడి ఫ్లోటు తేలుచుండును. మన నీళ్ల ట్యాంకులోని బంతి వలెనే, తొట్టి నిండగానే అది లేచి సూదివాల్వును మూసివేయును. జర్మనీ దేశీయుడగు మేబాఖ్ 1893లో ఇట్టి తుంపర కార్బొరేటరును నిర్మించెను.

బండి ఆగగానే కార్బొరేటరును విప్పుట మనవారికి అలవాటు. ఇది తగదు. ప్లగ్గున నిప్పురవ్వ సరిగా వచ్చుచున్నదని తేలిన పిమ్మట, పెట్రోలు వచ్చు త్రోవను ట్యాంకునుండి వరుసగా చూడవలెను. బండి కొంతదూరము చక్కగా పోయి, ఆగి, కొంతసేపటికి మరల కదలుచున్నదా? ట్యాంకు మూత తీసి చూడుడు. లోనికి గాలి ఈలవేయుచు పోయినచో మూతలోని గాలిరంధ్రము మూసికొన్నదన్నమాట. పుల్లతో రంధ్రము శుభ్రముచేసిన చాలును. ఇంత చిన్నదానికి ఇంజనంతయు విప్పి కూలి తీసికొన్నవారును గలరు.

మే నెలలో చంద్రపూరు ఎండ 45 డిగ్రీలు దాటుట మీరెరుగనిది కాదు. అప్పుడు సైలెన్సరు గొట్టమునకు దగ్గరగా నున్న పైపులో పెట్రోలు ఆవిరియై, పంపు ఆ ఆవిరిని త్రోయలేక నిలిచిపోవును. ఇంజను ఆపి, నీడను నిలిపి, పంపుమీదను పైపుమీదను తడిగుడ్డ చుట్టినచో కొంతసేపటికి సర్దుకొనును. వానకాలమున చిక్కు వేరు. నీరు పెట్రోలు కంటె బరువు గనుక అడుగునకు చేరును. పంపు క్రింది గాజుగిన్నెలో ముత్యము వలె కనబడును.

జెట్టులో మలినము చేరినచో ఎత్తు ఎక్కునపుడు బలము చాలక, ఇంజను కార్బొరేటరు నోట తుమ్మును. మెకానిక్కులు దీనిని 'కచరా' యని యొక్కమాటలో తేల్చుదురు; నిర్ణయము సరియే, చికిత్స మాత్రము చెడ్డది. ఇనుపతీగతో పొడిచినచో రంధ్రము పెద్దదై ఆపైన పెట్రోలు ఖర్చు హెచ్చును. గాలి పంపుతో ఊదవలెను. నల్లపొగ, పెట్రోలు వాసన, తడిసిన ప్లగ్గులు కనిపించినచో చిక్కు తద్విరుద్ధము: సూదివాల్వు మూసికొనుట లేదు, లేదా ఫ్లోటుకు చిల్లు పడినది. ఫ్లోటును చెవివద్ద ఆడించినచో లోపలి పెట్రోలు చప్పుడు వినబడును. దానికి మాటు వేయ పూనుకొనరాదు. లోనున్న ఆవిరి ప్రేలవచ్చును. క్రొత్తది వేయవలెను. మన ఊరి బొగ్గుదుమ్ముతో గాలి ఫిల్టరు మూసికొన్నను నల్లపొగయే వచ్చును గనుక ముందు దానిని చూచుట మేలు.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచినది. పంపు పనిచేయనపుడు ఒకడు సెల్ఫు కొట్టుచుండగా, మరొకడు డబ్బాతో కార్బొరేటరు నోటిలో పెట్రోలు పోయుట గారేజీలలో సామాన్యము. ఆ పోయువాడు తరచుగా అందరికంటె చిన్నవాడు. ఇంజను ఒక్కసారి వెనుకకు తుమ్మినచో మంట నేరుగా డబ్బాకు అంటుకొనును. రబ్బరు గొట్టముతో పెట్రోలును నోట పీల్చుటయు అట్టిదే. అది ఊపిరితిత్తులలోనికి పోయినచో ప్రాణాపాయము. మింగినచో వాంతి చేయింపరాదు, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఈ రెండు పనులు చేయనని చెప్పి తిరిగివచ్చిన పిల్లవానిని, కూలి పోయినదని ఇంటివద్ద కోపపడకుడు.

పంపును పరీక్షించు సరియైన పద్ధతి యిది: ఇంజను చల్లారనిచ్చి, కాయిలుకు పోవు ఇగ్నిషను తీగను విప్పి, కార్బొరేటరు వద్ద పైపును వదులుచేసి దాని కొనను డబ్బాలో నుంచి ఇంజనును త్రిప్పవలెను. దరిదాపుల బీడీ ఉండరాదు. పెట్రోలు ఉండియుండి బలముగా చిమ్మినచో పంపు మంచిదే. లేనిచో అందలి డయాఫ్రము చినిగియుండవచ్చును.

ఈ డయాఫ్రము విషయమున నేటి కాలపు చిక్కు ఒకటి గలదు. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలుపుట వ్యాపించినది. పాత బండ్ల రబ్బరు దీనికి తాళదు. ఇథనాలు తేమను పీల్చును. ట్యాంకులోని పాత మడ్డిని కదలించి జెట్టుకు చేర్చును. కావున పాత బండికి ఇథనాలును తట్టుకొను డయాఫ్రము, పైపులు అడిగి కొనవలెను. నెలల తరబడి నిలుపు బండి ట్యాంకులో పెట్రోలు ఉంచరాదు. క్రొత్తవి బిగించిన పిదప, ఇగ్నిషను తీగ తగిలింపకమునుపే ఇంజనును నాలుగు మారులు త్రిప్పి, ప్రతి అతుకును పొడిగుడ్డతో తుడిచి, తడి లేదని చూచినమీదటనే స్టార్టు చేయవలెను.