బొమ్మల కార్డు లెక్కలు నేర్చిన వైనము

పెండ్లి పందిరిలో రెండు తీరుల పనులు జరుగును. పంక్తిలో వడ్డన ఒక తీరు. ఐదువందల విస్తళ్లకు ఒక్కడే వడ్డించినచో, మొదటివాడు పెరుగన్నమునకు వచ్చు వేళకు చివరివానికి పప్పైనను అందదు. ఇరువదిమంది చేయి కలిపినచో వడ్డన చకచక సాగిపోవును. పురోహితుని పని వేరొక తీరు. జీలకర్ర బెల్లము, మంగళసూత్రధారణము, తలంబ్రాలు ఒకదాని తరువాత ఒకటి జరుగవలసినవే. ఇరువదిమంది పురోహితులను పిలిచినను తంతు త్వరగా ముగియదు. కంప్యూటరులోని ప్రాసెసరునకును, గ్రాఫిక్స్ కార్డునకును గల భేదము ఇట్టిదే.

ప్రాసెసరు పురోహితుని వంటిది. అందు లెక్కలు చేయు కోర్లు కొద్దియే. కాని ఒక్కొక్కటియు మిక్కిలి చురుకైనది. ఎంతటి చిక్కుపనినైనను వరుస తప్పక నడపగలదు. గ్రాఫిక్స్ కార్డు వడ్డనవారి దండు. 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు గల తెరమీద ఇరువది లక్షలకు పైగా చుక్కలుండును. ఆటలో బొమ్మ కదలవలెనన్న, సెకనుకు అనేక పర్యాయములు ఈ చుక్కల రంగులను లెక్కకట్టవలెను. ఒక చుక్క లెక్క ప్రక్క చుక్క కొరకు వేచియుండనక్కరలేదు. అందుచే ఆ పనిని వందలకొలది చిన్న కోర్లకు పంచియిచ్చిరి.

ఈ దండును శాస్త్రపు లెక్కలకు ఏల వాడుకొనరాదని 2000 తరువాతి సంవత్సరములలో పరిశోధకులు తలచిరి. అయితే ఆనాటి కార్డులకు బొమ్మల భాష తప్ప వేరొకటి తెలియదు. కనుక వారు తమ అంకెలకు రంగుల వేషము వేసి, లెక్కను బొమ్మగా గీయించి, ఫలితమును ఆ బొమ్మనుండి తిరిగి చదువుకొనిరి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఇయాన్ బక్ మున్నగువారు 2004లో ప్రకటించిన బ్రూక్ అను భాష ఈ శ్రమను తగ్గించెను. ఎన్విడియా సంస్థ 2007లో విడుదల చేసిన క్యూడాతో, సి భాష వంటి వాడుక భాషలోనే కార్డునకు పని చెప్పుట సాధ్యమయ్యెను.

దీని ఫలము 2012లో లోకమునకు తెలిసెను. కెనడాలోని టొరాంటో విశ్వవిద్యాలయమున అలెక్స్ క్రిజెవ్‌స్కీ, ఇల్యా సుట్స్‌కెవర్, ఆచార్య జెఫ్రీ హింటన్ కలిసి, ఆటల కొరకు అమ్ము జీటీఎక్స్ 580 కార్డులు రెండింటితో, పండ్రెండు లక్షల చిత్రములపై యంత్రమునకు ఐదారు దినములు శిక్షణ ఇచ్చిరి. ప్రతి చిత్రమునకు ఐదు ఊహలు చెప్పనిచ్చిన ఇమేజ్‌నెట్ పోటీలో వారి తప్పులు 15.3 శాతము; తరువాతి స్థానమువారివి 26.2 శాతము.

అయినను ప్రాసెసరు అవసరము తీరలేదు. ఒక పనిలో పదవవంతు వరుసగానే జరుగవలసినదైనచో, మిగిలిన దానికి ఎన్నివేల కోర్లను నియోగించినను మొత్తము వేగము పదిరెట్లు మించదు. 1967లో జీన్ ఆమ్‌డాల్ చూపిన వాదమునకు సారమిది. పైగా అంకెలు ప్రాసెసరు మెమొరీనుండి కార్డునకు పోయి, ఫలితము తిరిగి రావలెను. లెక్క స్వల్పమైనచో, ఈ రాకపోకలకే ఎక్కువ కాలము పట్టును.

మనము గమనింపదగిన విషయము మరియొకటి కలదు. టొరాంటోలో వాడినవి ఆటల అంగడిలో దొరకు కార్డులు. నేడు ఇట్టి పనికై ప్రత్యేకముగా చేయు కార్డుల వెల లక్షల రూపాయలలో నున్నది. 2022లో వెలువడిన హెచ్100 రకములలో ఒకటి 700 వాట్ల వరకు విద్యుత్తును వాడును. అట్టివానిని వేలకొలది కూర్చుకొనగలవారు కొద్దిమందియే. 2024 మార్చిలో భారత మంత్రివర్గము ఆమోదించిన ఇండియా ఏఐ మిషన్, పదివేలకు తక్కువ కాకుండ ఇట్టి ప్రాసెసర్లను సమకూర్చుట లక్ష్యముగా పెట్టుకొన్నది. ఈ వడ్డన పంక్తి చివరనున్న చిన్న కళాశాల విద్యార్థి విస్తరి వరకు చేరవలెనని మా కోరిక. ఆ విద్యార్థియు కార్డును చేపట్టుటకు ముందు, తన పనిలో పదిమందికి పంచదగిన భాగమేదో, వరుసగా నడువవలసిన భాగమేదో విడదీసి చూచుకొనుట మేలు.