పగడముల దీవిలో పక్షులు

ఆస్ట్రేలియా తూర్పుతీరమున గ్లాడ్‌స్టన్ రేవునుండి రెండు గంటలు పడవలో పోయినచో హెరాన్ ద్వీపము వచ్చును. డిసెంబరు మాసమున మేమచట నాలుగు దినములుంటిమి. చెట్లపై పక్షులను, నీటిలో పగడములను చూచితిమి. ఈ రెంటికిని గల బంధుత్వమునే శ్రోతలకు మనవి చేయదలచితిమి.

అచటి పిసోనియా చెట్లనిండ నాడీ అను సముద్రపక్షుల గూళ్ళే. నల్లని దేహము, తెల్లని నడినెత్తి. రాలిన ఆకులను తమ రెట్టతోనే అతికించి గూడు కట్టుకొనును. ఆ చెట్టు గింజలకు జిగురు మెండు. అవి రెక్కల కంటుకొన్నచో పక్షి యెగురలేక మరణించి, చెట్టుకే ఎరువగును. ఇసుకలో బొరియలు త్రవ్వుకొను షియర్‌వాటరు పక్షులు రాత్రులందు పసిబిడ్డలవలె ఏడ్చుచుండును.

గాలి సిలిండరు వీపున తగిలించుకొని నీట మునిగితిమి. జింకకొమ్ములవంటి పగడములు, వాని సందులలో చిలుకచేపలు, నిదానముగ ఈదు పచ్చతాబేళ్ళు కనబడినవి.

పక్షులు నడికడలిలో మేసి దీవిపై రెట్టవేయును. అందలి నత్రజని వానతో జారి పగడములకు చేరును. చాగోస్ దీవులను గూర్చిన పరిశోధన 2018లో వెలువడినది. ఎలుకలు పక్షులను నాశనము చేసిన దీవుల చుట్టునుకంటె, పక్షులున్న దీవుల చుట్టు చేపలు, బరువు లెక్కన, సుమారు ఒకటిన్నర రెట్లున్నవట.

ఎరువొక్కటే చాలదు. నీరు వేడెక్కినచో పగడము తనకు అన్నము పెట్టు నాచును వెళ్ళగొట్టి పాలిపోవును. 2024లో ఈ ప్రాంతమునకును ఆ ఆపద వచ్చినది. ఎలుకలను తొలగించి పక్షులను దీవివారు కాపాడగలరు. కడలిని చల్లగా నుంచుట మాత్రము బొగ్గును, నూనెను కాల్చు దేశములన్నిటి బాధ్యత.